జకర్యా బావ ఆదివారం నిద్ర

“ప్రభువునందు నిద్రించారు” అని రాశానో లేదో, ప్రేమమణి అక్క నా చేతిలోంచి కాగితం లాగేసుకుంది.

“ఆ మాట తీసెయ్ మేబెల్. నిద్ర అనే మాటే ఉండకూడదు అందులో.”

మా క్రైస్తవుల్లో ఎవరు పోయినా అలాగే రాస్తాం, అలాగే చదువుతాం. రాసేవాళ్ళు ఆలోచించరు, వినేవాళ్ళూ ఆలోచించరు. పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చడానికి చర్చిలో పెట్టే ఆదరణ కూడికలో, బావ గురించి నాలుగు మాటలు చదవమని మా పాస్టరు అయ్యగారు నాకు అప్పజెప్పారు. టీచరమ్మని కదా, రాయడం వచ్చనుకున్నారు.

“మరి ఏమని రాయను?” అన్నాను.

“చచ్చిపోయారని రాయి. ఆ మాట నా చెవిన పడిందా, అందరి ముందూ లేచి వెళ్ళిపోతాను. మళ్ళీ ఆ చర్చి గుమ్మం తొక్కను.”

అన్నంత పనీ చేసే మనిషి మా అక్క. నాకు భయం వేసింది. భయం కన్నా ఎక్కువగా సిగ్గు వేసింది. అక్క అలా అనడానికి కారణం మేమే, అందులో నేను మరీను.

జకర్యా బావ సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగాడు. కంటోన్మెంట్‌లో ఒక స్టోర్స్‌లో గుమాస్తా, నేరేడ్‌మెట్‌లో సొంతిల్లు. మేము గుంటూరు వైపు వాళ్ళం. పెళ్ళిచూపుల్లో ఆయన మాట విని మా అమ్మ, “కుర్రాడు బాగున్నాడు గానీ, తెలుగులో మాట్లాడితే ఇంకా బాగుండు” అని గొణిగింది. గుమాస్తా అన్న పేరే గానీ కుర్చీలో కుదురుగా కూర్చునే మనిషి కాదు. గుట్ట కనబడితే ఎక్కాలి, చెరువు కనబడితే ఈదాలి.

పెళ్ళైన కొత్తలో, పరదా గుడ్డలు కొనడానికి రెజిమెంటల్ బజార్ దాకా పోయొద్దామని అక్కని స్కూటర్ ఎక్కించుకుని నాగార్జునసాగర్ తీసుకుపోయాడు. అక్క చేతిలో గుడ్డసంచి, కాళ్ళకి ఇంట్లో వేసుకునే హవాయి చెప్పులు. “ఏందే ప్రేమా, గింత పరేషాన్ అయితున్నవ్? నీళ్ళు ఎట్ల దుంకుతున్నయో జూడు” అన్నాడట. తిరుగు దారిలో నల్గొండలో ఆగి, కట్టుకోవడానికి చీర కొనిపెట్టాడు. పరదా గుడ్డలు మాత్రం ఆ ఇంటికి చాలాకాలం రాలేదు.

పద్మారావు నగర్‌లో నేను అద్దెకుండే ఇంటి ఓనరు శారదమ్మ గారు. ఆవిడ ఇత్తడి బిందె బావిలో పడితే, బావ నడుముకి తాడు కట్టుకుని దిగిపోయాడు. బిందెతో పాటు పాము కుబుసం పట్టుకొచ్చి, “అమ్మా, లోపల ఇంకో కిరాయిదారు సుత ఉన్నడు” అన్నాడు. శారదమ్మ గారు ఆ బావి నీళ్ళు మళ్ళీ ముట్టలేదు.

మా అమ్మ ఆయన్ని తిరుగుబోతు అనేది, చెడ్డ అర్థంలో మాత్రం కాదు. ఇల్లంటే ఆయనకి ప్రాణం. కూతురు డోరాకి బడికి వెళ్ళేముందు జడలు వేసేది ఆయనే. అక్క వేస్తే ఒకటి చెవి పైకి, ఒకటి చెవి కిందికి వచ్చేవి. అక్కకి కామెర్లు వచ్చినప్పుడు నయమయ్యేదాకా ఏ గుట్టా ఎక్కలేదు. చప్పిడి పప్పు వండి, తనూ అదే తిన్నాడు. “నువ్వు చప్పిడి తింటుంటె నాకు కారం ఎట్ల దిగుతదే?” అన్నాడు. అలాంటి మాటలు మాకెవరికీ మా మొగుళ్ళు చెప్పలేదు. అయినా ఆయన్ని చూసి నవ్వడమే మాకు తెలుసు.

అక్క ఆయనకి ఒకే ఒక్క షరతు పెట్టింది. శనివారం మధ్యాహ్నం ఆఫీసు వదిలాక ఎక్కడికైనా వెళ్ళండి, ఆదివారం ఆరాధనకి మాత్రం చర్చిలో ఉండాలి. సరేనన్నాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఏ అడవిలో ఉన్నా రాత్రంతా బండి నడిపి వచ్చి, స్నానం చేసి, తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చేవాడు. వచ్చి, ప్రసంగం మొదలవగానే నిద్రపోయేవాడు. గురక కూడా.

మా చర్చిలో మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు, మధ్యలో నడవ. బావ ఎప్పుడూ నడవ పక్కన, స్తంభానికి ఆనుకుని, అక్కకి కనబడేలా కూర్చునేవాడు. అక్కకి కనబడితే అందరికీ కనబడ్డట్టే. ఆయన తల వాలగానే అక్క దగ్గేది. ఆయన ఉలిక్కిపడి “ఆమెన్” అనేవాడు, సరిగ్గా అనకూడని చోట. మా వైపు కొంగులన్నీ నోళ్ళకి అడ్డం వెళ్ళేవి. సంఘ పెద్ద లూకా గారైతే గుమ్మంలో నిలబడి, “ఏమ్మా, మీ ఆయన ఇవాళ పరుపు తెచ్చుకోలేదా?” అని అడిగేవారు. అక్క మొహం కందగడ్డయ్యేది. ఇంటికొచ్చి నా పరువు తీస్తున్నారని పోట్లాడితే, “వస్తనన్న, వచ్చిన. మెలకువగ ఉంటనని జెప్పిన్నా?” అని ఆయనా నవ్వేవాడు.

ఆ చివరి ఆదివారానికి ముందురోజు బావ ఆఫీసు స్నేహితుడు ఆర్థర్‌తో కలిసి నల్లమలలో ఏదో జలపాతం చూసొచ్చాడు. మామూలుగానే తల స్తంభానికి ఆన్చాడు. అక్క దగ్గింది. కదల్లేదు. ఇంకా గట్టిగా దగ్గింది. గురక కూడా లేదు.

“పోనీలే, ఇవాళ మర్యాదగా నిద్రపోతున్నాడు” అని నేనే అక్క చెవిలో అన్నాను. ఆ నవ్వు వెనక వరుస దాకా పాకింది.

చివరి పాటకి అందరం లేచాం, ఆయన లేవలేదు. దీవెనకీ లేవలేదు. అయ్యగారు కూడా అటు చూసి చిన్నగా నవ్వారు. అక్కకి తల కొట్టేసినట్టయింది. ఆయన వైపు చూడకుండా గబగబా బయటికి వచ్చేసింది. లేపి తీసుకురానా అని నేనంటే, “పడుకోనీ. తలుపులకి తాళం వేస్తే అప్పుడైనా సిగ్గొస్తుంది” అంది. చుట్టూ ఉన్నవాళ్ళం మళ్ళీ నవ్వాం. ఈలోగా లూకా గారు లోపలికి వెళ్ళి, పాటల పుస్తకంతో ఆయన భుజం మీద తట్టారు. లోపలి నుంచి లూకా గారి కేక వినబడ్డాక గానీ మా నవ్వు ఆగలేదు.

గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు. ప్రసంగం మధ్యలోనే పోయి ఉంటాడని, అప్పుడే చూసుకున్నా లాభం ఉండేది కాదేమోనని అన్నారు. ఆ ‘ఏమో’ అక్కని తినేసింది. బావకి ఇంకా యాభై కూడా నిండలేదు.

సమాధి దగ్గర అయ్యగారు ప్రార్థనలో “నిద్రించిన మా సహోదరుడు” అనగానే వెనక ఎవరో చప్పున ముక్కు చీదారు. అది ఏడుపే అయి ఉండాలి. అక్కకి మాత్రం నవ్వులాగే వినిపించింది. మేము నేర్పిన వినికిడే కదా అది!

ఆదరణ కూడిక రోజు చర్చి నిండిపోయింది. నేను లేచి బావి గురించీ, సాగర్ గురించీ, డోరా జడల గురించీ చదివాను. ఆఖరున “చనిపోయారు” అని చదివి కూర్చున్నాను. ఆ గోడల మధ్య ఆ మాట మొరటుగా వినిపించింది. నేను తడబడ్డాననుకుని అయ్యగారు సర్దబోయారు.

“అవును, మన జకర్యా గారు ప్రభువునందు...”

అక్క లేచింది. అయ్యగారు ఆగిపోయారు. వెళ్ళిపోతుందనుకుని నేను కొంగు పట్టుకున్నాను. విదిలించుకుంది, కానీ వెళ్ళలేదు.

“అనండి అయ్యగారూ. నిద్రపోయారనే అనండి. ఆ నిద్ర ఎందుకొచ్చేదో నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. నాకిచ్చిన మాట కోసం రాత్రంతా బండి నడిపేవారు. నా పక్కన కూర్చోనివ్వరు కాబట్టి, నాకు కనబడేచోట కూర్చునేవారు. మీరు నవ్వితే నేను ఆయన్ని చూసి సిగ్గుపడ్డాను. ఆయన నా మనిషి కానట్టు మొహం తిప్పుకున్నాను. ప్రాణం పోతున్నప్పుడు కూడా తిప్పుకునే ఉన్నాను.”

ఎవరైనా లేచి తమ బతుకు గురించి సాక్ష్యం చెబితే, సంఘమంతా “స్తోత్రం” అనడం మా అలవాటు. ఆ రోజు లూకా గారు తల దించుకున్నారు. నేను నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. మాలో ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని, అక్క అలాగే నిలబడి ఉంది.