డబ్బాలో లేని తొమ్మిది చీటీలు

మొన్న జనవరి ఒకటో తారీఖు పొద్దున, నార్కట్‌పల్లిలో కొడుకు ఇంటి ముందర ఎండలో కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, మనవరాలు ఫోను పట్టుకొని నా పక్కకు చేరింది. అందులో ఏదో నొక్కితే, కొత్త సంవత్సరానికి దేవుడు మనకిచ్చే వాగ్దానం పూల బొమ్మ మీద రాసి వస్తుందట. ఒకసారి నొక్కింది, కష్టంలో ఓర్చుకోమనే మాట వచ్చింది. మూతి ముడుచుకొని మళ్లీ నొక్కింది, అదీ నచ్చలేదు, మళ్లీ నొక్కింది. ఏడాదికి ఒక్కటే తీయాలి పిల్లా, ఏది వస్తే అదే అని నేను గట్టిగానే అన్నాను.

"మంచిది వచ్చేదాంక నొక్కొచ్చవ్వా, దీనికేం పైసల్ గావు" అంది.

పైసలు కావనే సరికి నేను మళ్లీ ఈనెలు తీయడంలో పడ్డాను. కానీ మనసు మాత్రం చిక్కుడుకాయల దగ్గర నిలవలేదు, దేవరకొండ అవతల ఉన్న మా ఊరికి, మా అర్రలోకి పోయి కూర్చుంది.

నా ఈడు వాళ్లకు, రేకుల కప్పు కింద చాపల మీద కూర్చొని ఆరాధన చేసుకున్న వాళ్లకు, ఈ చీటీల సంగతి విడమరిచి చెప్పే పని లేదు. కొత్త సంవత్సరపు ఆరాధన అయ్యాక ఒక డబ్బా తిప్పుతారు. అందులో ఒక్కో చీటీ మీద ఒక్కో వాక్యం ఉంటుంది. కళ్లు మూసుకొని ఎవరికి వారు ఒకటి తీసుకుంటారు, ఏడాదంతా అదే వాళ్ల ధైర్యం, తలుపు మీదనో తలాపుననో అతికించుకుంటారు. మా సంఘంలో ముప్పై గడపలు, అందరమూ కూలికి పోయేవాళ్లమే. పట్నం నుంచి రంగుల కార్డులు తెప్పిద్దామని మా పాస్టరు అయ్యగారు ఒకసారి అంటే, నేనే లేచి వద్దన్నాను. ఇంటింటికీ లగ్గం పత్రికలు వస్తూనే ఉంటాయి, వాటి వెనక పక్క తెల్లగానే ఉంటుంది, దాన్ని పొయ్యిలో పెట్టి కొత్త కాగితం కొనడం ఏం బుద్ధి అన్నాను. అన్నందుకు ఆ పని నా మెడకే చుట్టుకుంది.

నేను మూడో తరగతిలో బడి మాని బర్రెల వెంట పోయినదాన్ని, కూడబలుక్కొని చదువుతాను గానీ రాత రాదు. మా ఇంటాయన మాత్రం ఏడో తరగతి దాకా చదివాడు, అక్షరం అచ్చు గుద్దినట్టు ఉండేది. డిసెంబరు వచ్చిందంటే నేను కత్తెర పట్టుకొని పత్రికలు కోసేదాన్ని, ఆయన గడపలో కూర్చొని రాసేవాడు. అంచు వంకర పోకుండా కోయాలని నాకు పంతం, ఒక్క అక్షరం కొట్టివేయకుండా రాయాలని ఆయనకు పంతం. ఏ వాక్యం ఎన్ని చీటీల మీద రాశాడో ఆయనను నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

తెలంగాణ వచ్చిన మరుసటి కొత్త సంవత్సరానికి, నడిచినా సొమ్మసిల్లరనే అర్థం ఉన్న వాక్యం ఆయనకు వచ్చింది. తన చేతిరాతే తన చేతికి వచ్చిందని మురిసిపోయి, గంజి పూసి మంచం తలాపున గోడకు అతికించాడు. పత్తి గింజ పెట్టే రోజుల్లో చేను గట్టు మీద నడుస్తూ నడుస్తూనే పక్కకు ఒరిగిపోయాడు. నల్లగొండ దవాఖానలో పదిహేను రోజులున్నాం. ప్రాణం దక్కింది, కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట ముద్దగా మారింది. తెచ్చి ఆ మంచం మీదనే, ఆ చీటీ కిందనే పడుకోబెట్టాం.

అక్కడి నుంచి నా లోకం ఆ ఒక్క అర్ర. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే పుండ్లు పడతాయని నర్సమ్మ చెప్పి పంపింది. బోరింగు దాకా పోయి రెండు బిందెలు తెచ్చేలోపల ఆయన తడిసిపోయి ఉండేవాడు. కూలి బంద్, సంఘం బంద్. కొడుకు అప్పటికే నార్కట్‌పల్లిలో రోడ్డు మీది హోటల్లో వంటకు కుదిరాడు, నెలకోసారి వచ్చి, బాపు ముఖం చూసి, నా ముఖం చూడలేక పోయేవాడు. మా ఇంటికీ ప్రార్థన మందిరానికీ నడుమ నాలుగు ఇండ్లే. ఆదివారం మైకులో పాట వినబడేది, ఆ నాలుగు ఇండ్లు దాటి పోలేకపోయాను. అర్రకు ఒక్కటే కిటికీ, కిటికీ అవతల మరిది ఇంటి గోడ, పొద్దెంత ఎక్కిందో ఆ గోడ మీది ఎండను చూసే తెలుసుకోవాలి. తలుపు తెరిచే ఉండేది, నన్ను ఎవరూ కట్టెయ్యలేదు. అయినా గుంజకు కట్టిన బర్రెకు తాడు పొడుగంత జాగా అన్నా ఉంటుంది, నాకు అదీ లేదనిపించేది.

పరామర్శకు వచ్చిన వాళ్లు ఊరికే పోయేవాళ్లు కాదు, ఇదే రోగం వచ్చి ఏ ఊళ్లో ఎవరు ఎన్నాళ్లకు పోయారో ఆయన వింటుండగానే చెప్పి పోయేవాళ్లు. మా మరిది వాళ్లు మాలాగా క్రీస్తును నమ్మినవాళ్లు కాదు. పండుగకు పండుగ ఒకరింట్లో ఒకరం తిన్నా, ఎత్తిపొడుపు మాత్రం ఎప్పుడూ ఉండేది.

"మీ దేవుడు లేపుతడంటిరి గద వదినా, ఏ నెలల లేపుతడో జర అడిగి చెప్పు" అనేవాడు. అంటూనే అన్నను రెండు చేతుల మీద లేపి స్నానానికి బయట పీట మీద కూర్చోబెట్టేవాడు, అది కూడా చెప్పాలి. మా సంఘంలోని ఆడవాళ్లు అంతకన్నా మెత్తగా మాట్లాడేవాళ్లు గానీ, ఒప్పుకోని తప్పేదో ఇంట్లో ఉండి ఉంటుందని బోరింగు దగ్గర అనుకున్న మాట నా చెవిన పడనే పడింది. ఇక ఆయన సరేసరి. పొద్దున లేస్తే వానను తిట్టేవాడు, డాక్టరును తిట్టేవాడు, తలాపున ఉన్న చీటీని చింపెయ్యమని నన్ను తిట్టేవాడు.

నేను మాత్రం నవ్వు ముఖం దించలేదు. ఎవరు అడిగినా దేవుని దయ, బాగున్నాం అనేదాన్ని. తెల్లవారక ముందే లేచి గట్టిగా పాట ఎత్తుకునేదాన్ని, మరిది ఇంటి గోడ దాటి పోవాలన్నంత గట్టిగా. ఒకరోజు మా ఇంటాయన కళ్లు తెరవకుండానే, "ఎవలకు ఇనిపిస్తున్నవే, గోడకా?" అన్నాడు. ఆ మాటకు ఒళ్లు మండింది. మనిషి మంచం పట్టాడని మనసు కూడా పట్టాలా, విశ్వాసం ఇంత తొందరగా ఒడిసిపోతుందా అని లోపల ఆయన మీద తీర్పు తీర్చాను. మా ఇద్దరిలో నమ్మకం ఉన్నదాన్ని నేను, లేనివాడు ఆయన అని నాకు ఖాయంగా తెలుసు అనుకున్నాను.

డిసెంబరు వచ్చింది. రాసే చెయ్యి పడిపోయింది. ఈసారన్నా కార్డులు కొందామా అని అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆమె, మెల్లగా కబురు పంపితే, ఎందుకు, పోయినసారి చీటీలే ఇంటింటికీ తిరిగి తీసుకోండి, వాక్యమేమన్నా పాతబడుతుందా అన్నాను. ఆమె తీసుకొచ్చి నా ఒడిలో పోసింది. కొన్నింటికి పసుపు, కొన్నింటికి పొగ, కొన్నింటికి పిల్లల పంటి గాట్లు. మా తలాపున ఉన్నదాన్ని కూడా తడిబట్టతో నానబెట్టి చిరగకుండా తీశాను, ఆయన ఆ చీటీనే చూస్తూ ఉన్నాడు.

ఆయన నిద్రపోయిన ఒక పగటిపూట ఆ చీటీలన్నీ ముందర పోసుకొని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. లేవడం, నడవడం, పరుగెత్తడం, ఎముకలకు బలం, ఇట్లాంటి మాట ఎక్కడ కనిపిస్తే ఆ చీటీని పక్కకు పెట్టాను. తొమ్మిది తేలాయి. వాటిని కొంగున ముడేసుకొని, మిగిలినవి డబ్బాలో పోసి మూత పెట్టాను. మళ్లీ అట్లాంటిదే వచ్చి ఆయన మనసు విరగకూడదనే చేశానని నాకు నేనే చెప్పుకున్నాను. కొంగు ముడి మాత్రం ఆ వారమంతా నడుముకు రాయిలాగా ఒరుసుకుంటూనే ఉంది.

సంవత్సరం చివరి రోజు మధ్యాహ్నం, సాయంత్రానికి అమ్మగారు వచ్చి డబ్బా తీసుకుపోతారనగా, బోరింగుకు పోయి వచ్చేసరికి డబ్బా మూత కింద పడి ఉంది. మంచం పక్క పీట మీద నేను పెట్టినదాన్ని ఆయన ఎడమ చేత్తో గుంజుకొని ఛాతీ మీద ఒంపుకున్నాడు. చింపుతున్నాడనుకొని బిందె అక్కడే దించి ఉరికాను. చింపడం లేదు. ఒక్కొక్క చీటీని ఎడమ చేతి రెండు వేళ్లతో లేపి, కండ్లకు దగ్గరగా పట్టి, చదివి పక్కన పెడుతున్నాడు. పక్కన పెట్టిన కుప్పే పెద్దగా ఉంది, అంటే చాలాసేపటి నుంచి చదువుతున్నాడు. నేను నిలబడే ఉన్నాను. చివరి చీటీ దాకా చూశాడు.

"తొమ్మిది తక్కువున్నయ్" అన్నాడు.

ఎలుకలు కొట్టి ఉంటాయన్నాను. పెళ్లయినప్పటి నుంచి ఆయనతో నేను ఆడిన అబద్ధాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అది ఒకటి.

"ఎలుకకు సదువొస్తదానే? లేశేటియి, నడిశేటియి ఏరుకొని తిన్నదా?"

ఆయన ముఖంలో సగానికే కదలిక ఉండేది, ఆ సగంలోనే నవ్వూ కోపమూ కలిసి కనిపించాయి. అప్పుడు అర్థమైంది నాకు, ఆయన వాటి కోసమే వెతికాడని. రోజూ చింపెయ్యమని తిట్టిన మనిషి, ఉన్నాయో లేదోనని ఒంటి చేత్తో డబ్బా అంతా వెతుక్కున్నాడు. రోజూ పాట పాడిన నేను వాటిని ముడేసి దాచాను. కొంగు ముడి విప్పి ఆ తొమ్మిదీ ఆయన ఛాతీ మీద పెట్టాను. తిడతాడనుకున్నాను. కప్పు వైపు చూస్తూ అన్నాడు:

"నేను తిడ్తున్ననంటే, నువ్వు పట్టుకొని ఉన్నవనే ధైర్యంతోని తిడ్తున్న. నువ్వే ఇడిశిపెడితే, ఇగ నేనెవలను తిట్టాలె?"

నాకు తొందరగా కన్నీళ్లు రావు, మా అమ్మ చచ్చినరోజు కూడా నేను పని చేస్తూనే ఉన్నాను. ఆ రోజు కూడా ఏడ్వలేదు. మంచం పట్టె మీద కూర్చొని, ఏడు నెలల నుంచి ఎవరికీ చెప్పని మాట చెప్పాను.

"నాకు భయమైతాంది. నువ్వు ఇగ లేవవని భయం. గీ అర్రల్నే నేను గూడ అయిపోతనని భయం."

"నాక్కూడ" అన్నాడు. ఛాతీ మీది చీటీలు నా వైపు జరిపి, "డబ్బాల ఎయ్యి. నాకు రాకుంటె ఇంకొకలకన్న వస్తయ్" అన్నాడు.

వేశాను. మర్నాడు ఆరాధన అయ్యాక అమ్మగారు మిగిలిన చీటీలతో మా అర్రకు వచ్చి డబ్బా చాపితే, ఎడమ చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. అన్నానికీ నీళ్లకూ కొదవ ఉండదనే వాక్యం. దాన్ని రెండుసార్లు చదువుకొని నా వైపు చూసి, "బువ్వ చీటీ వచ్చింది, పెట్టు మరి" అన్నాడు. అమ్మగారు నవ్వాలో వద్దో తెలియక నిలబడింది, నేనే ముందు నవ్వాను. అది గోడకు వినిపించే నవ్వు కాదు.

ఆయన లేచి నడిచాడని చెబితే మీకు సంతోషంగా ఉంటుందని తెలుసు. నడవలేదు. మరో రెండు చింతపండు కాలాలు అదే మంచం మీద గడిపి పోయాడు. అర్ర పెద్దది కాలేదు, కిటికీ అవతల గోడ జరగలేదు, మరిది ఎత్తిపొడుపూ ఆగలేదు. ఒక్కటే మారింది. రోజూ దీపాల వేళకు, ఇయ్యాల భయమెంత అని నేను అడిగేదాన్ని, ఆయన ఎడమ చేతి వేళ్లు చూపించేవాడు. ఒకరోజు అయిదు, ఒకరోజు మూడు. తర్వాత నన్ను చూసి కనుబొమ్మ ఎగరేస్తే నేనూ నావి చూపించేదాన్ని. అయిదూ అయిదూ కలిసిన రోజులు కూడా ఉన్నాయి. ఎన్ని ఉంటే అన్నీ దేవునికి చెప్పుకొని, చిన్న గొంతుతో ప్రార్థన చేసుకొని అన్నం తినేవాళ్లం. పిడికిలి మూసి చూపించిన రోజులు, అంటే అసలు భయమే లేని రోజులు, నాకు గుర్తున్నంత వరకు నాలుగు. ఆ నాలుగు రోజుల్లో ఊళ్లో వాన లేదు, చేతిలో పని లేదు, మంచం మీద మనిషి మంచం మీదనే ఉన్నాడు. మరి ఆ పిడికిలి ఎట్లా మూసుకుందో నేను ఇప్పటికీ చెప్పలేను, నమ్మిన దేవుడే మూశాడని మాత్రం అనుకుంటాను.

ఇప్పుడు మా సంఘానికి స్లాబు పడింది, అచ్చు కార్డులు కట్టలు కట్టలుగా వస్తాయి, అన్నింటి మీదా మంచి మాటలే. సాక్ష్యం చెప్పడానికి లేచిన వాళ్లందరూ బాగున్నామనే చెబుతారు, నేను కూడా ఆ మాటే చెప్పి కూర్చుంటాను. ఆడవాళ్లకు బస్సుకు టికెట్టు లేదు కాబట్టి దేవరకొండకైనా, హాలియాలో పెళ్లయి ఉన్న కూతురింటికైనా, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్కి పోతాను, నన్ను ఆపేవాళ్లు లేరు. ఆ అర్రలోంచి ఎప్పుడు బయటపడతానా అని అప్పుడు ఎన్ని రోజులు లెక్కపెట్టానో. ఇప్పుడు దీపాల వేళకు ఎక్కడున్నా, బస్సులో ఉన్నా సరే, నా చెయ్యి దానంతట అదే ఒడిలోంచి కొంచెం లేస్తుంది. ఎన్ని వేళ్లని అడిగేవాళ్లు లేరు.