బోరు నీళ్ల బ్యాటరీ

ఆ వేసవిలో మాకు పోయినవి ట్రాక్టరు బ్యాటరీ ఒకటి, మార్కెట్‌కు చేరని టమాట ముప్పై పెట్టెలు, నమ్మకస్తుడైన డ్రైవరు ఒకడు.

చేవెళ్ల దగ్గరి తన పొలంలో ఉన్న బోరంటే మా పెదనాయనకు గర్వం. ట్రాక్టరు బ్యాటరీలో నీళ్లు తగ్గితే ఆ బోరు నీళ్లే పోసేవాడు. "డిస్టిల్డ్ వాటర్ తెస్త బాపూ" అని డ్రైవరు అంటే, "మనం తాగే నీళ్లే గదరా, దానికేం రోగం?" అని నవ్వేవాడు.

టమాట ఎక్కించిన పొద్దున ట్రాక్టరు స్టార్ట్ కాలేదు. "మంచి బ్యాటరీ అమ్ముకొని పాతది పెట్టినవ్" అని పెదనాయన అందరి ముందు డ్రైవరును వెళ్లగొట్టాడు.

సాయంత్రం మొయినాబాద్‌లో బ్యాటరీల షాపతను మూతలు విప్పి చూశాడు. "ఇది నేనమ్మిందే పటేలా. ఉప్పుండే బోరు నీళ్లు పోసి పోసి లోపల ప్లేట్లు ఖరాబ్ జేసిన్రు" అన్నాడు.

ఇంటి లెక్కలు చూసేది నేను కాబట్టి జీతం పట్టుకొని డ్రైవరు ఇంటికి వెళ్లాను. "దొంగకు జీతమెందుకన్నా? బాపునే తెచ్చియ్యమను" అన్నాడు.

ఇప్పటికీ ఆ ఇంటి గుమ్మం దగ్గరికి రాగానే పెదనాయన స్కూటర్ ఆపి, దిగి, తలవంచుకొని తోసుకుంటూ దాటుతాడు. అది మర్యాదో భయమో తెలియదు. వెనక సీటు దిగి ఆయన వెనకాల నడిచే నాకు మాత్రం తలెత్తబుద్ధి కాదు. ఆయన లోపలికి ఒక్కసారీ వెళ్లలేదు. పంతొమ్మిది రోజుల జీతం ఇంకా బాకీ ఉన్నాం.