మా గండుపిల్లికి మూత్రం ఆగిన రోజు

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో మేము దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఎల్బీ నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయన లారీ మీద పోతే వారం దాకా రాడు. ఇంట్లో నేనూ, ఒక తెల్ల గండుపిల్లీ.

పక్క పోర్షన్‌లో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆంటీ ఉండేది. మొదట్లో కూరలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. నేను ధర్నాలకు పోవడం మొదలుపెట్టాక మాటలు తగ్గించాను. ఆవిడ నన్ను ఏనాడూ ఏమీ అనలేదు.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి పిల్లి బియ్యం సంచి పక్కన కూర్చుని ముక్కుతోంది. రెండు రోజులుగా దానికి అదే పని. ఇసుక టబ్బు వదిలేసి ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటోంది. పొగరెక్కిందనుకుని చీపురుతో ఒకటి వేశాను. అది అరుస్తూ వాకిట్లోకి ఉరికి, పూలకుండీ మట్టిలో మళ్లీ కూర్చుంది.

పిట్టగోడ అవతల నుంచి ఆంటీ పిలిచింది. “అమ్మాయ్, మీ పిల్లి పొద్దుటి నుంచి అలా కూర్చుని లేస్తోంది. ఒక్క చుక్క రావట్లేదు. మగపిల్లులకి మూత్రం అడ్డుపడుతుంది. మా పుట్టింట్లో ఒకటి అలాగే పోయింది. ఇవాళే డాక్టర్‌కి చూపించు.”

“మలబద్ధకం గావొచ్చు ఆంటీ. మా పిల్లి సంగతి మాకెరుక.”

‘మా’ అన్న మాటను కావాలనే నొక్కాను. ఆవిడకు అర్థమైంది. లోపలికి వెళ్లిపోయింది. నేను పాలల్లో ఆముదం కలిపి పెట్టాను. పిల్లి ముట్టలేదు.

తెల్లారితే బంద్. పిల్లి రెండుసార్లు కక్కి మంచం కింద ఒరిగిపోయింది. ఎత్తుకోబోతే కడుపు రాయిలా తగిలింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. వెళ్లి ఆంటీ తలుపు కొట్టాను. తలుపు తీసి నా మొహం చూసి “పద” అంది. కూరగాయల బుట్టలో పాత చీర పరిచి పిల్లిని పడుకోబెట్టింది.

ఎల్బీ నగర్ దారిలో ఒక పశువుల డాక్టర్ ఇంట్లోనే చూసేవాడు. నడిచే పోయాం. రోడ్డుకు అడ్డంగా కూర్చున్నవాళ్లు రెండు చోట్ల ఆపి, “యాడికి పోతున్నరక్కా?” అని అడిగారు.

“పిల్లికి పానం బాగలేదన్నా. జర పోనియ్యిండ్రి,” అన్నాను. పోనిచ్చారు.

ఆంటీ దారి పొడవునా నోరు విప్పలేదు. తన యాస వింటే ఎవరేమంటారోనని భయపడుతోందని నాకు తెలుసు. నేనున్నానని ఒక్క మాట అనలేకపోయాను.

“మూత్రం పోసి ఎంతసేపయింది?” అన్నాడు డాక్టర్. నాకు తెలియదు.

“నిన్న పొద్దుటి నుంచీ లేదండీ,” అంది ఆంటీ.

ఆయన సన్నని గొట్టం పెడితే నెత్తురు కలిసిన మూత్రం వచ్చింది. “ఇంకో పూట ఆగితే చచ్చిపోయేది. ఎవరు గుర్తుపట్టారు?”

“ఈ అమ్మాయేనండీ,” అంది ఆంటీ నన్ను చూపించి. నేను తల దించుకున్నాను తప్ప కాదనలేదు.

పిల్లి బతికింది. బడిలో తోటి టీచర్లకు ఆ కథంతా చెప్పాను, అదీ నేనే కనిపెట్టినట్టు. దాన్ని కొట్టిన సంగతి మింగేశాను.

మరుసటి ఏడు ఆంటీ వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. సామాను ఎక్కించాక వచ్చి, పిల్లికి నీళ్లు ఎక్కువ తాగించమని చెప్పింది. అప్పుడైనా క్షమించమని అడగాల్సింది. “పైలంగ పోండి ఆంటీ,” అన్నాను, అంతే.