పోవడం అక్క వంతు, తేవడం నా వంతు

మా అక్కకి వెనక్కి తగ్గడం చేతకాదు. మాటలోనూ అంతే, కుట్టులోనూ అంతే, సైకిల్ మీదా అంతే. ఏటా ఒకసారి, గాలి సముద్రం వైపు వీచే రోజుల్లో, మా కొండ ఊరి నుంచి సముద్రపు ఊరి దాకా సైకిల్ తొక్కుకుంటూ వెళ్తుంది. వెనక నుంచి గాలి నెడుతూ, దారంతా పల్లమే అయితే ఎవరైనా తొక్కుతారని నేనంటాను. "అయితే రా, తొక్కు" అంటుంది. నేను మెల్లగా అక్కణ్ణుంచి జారుకుంటాను. అసలు చిక్కు అక్కడికి చేరాక మొదలవుతుంది. ఆ ఎదురుగాలిలో, ఆ ఎత్తుకి తొక్కుతూ తిరిగి రావడం మానవమాత్రుల వల్ల అయ్యే పని కాదు. మనిషినీ సైకిల్‌నీ కలిపి రైల్లో ఇంటికి చేర్చాలి.

అక్కది కాన్వాసు పని. లారీల మీద కప్పే టార్పాలిన్లు, డేరాలు, బడి సంచులు కుడుతుంది. ఇంటి ముందు గదిలో కిటికీ పక్కన మిషను, గోడ వారగా కాన్వాసు చుట్టలు, మేకుకి వేలాడే మైనం ముద్ద. దబ్బనం ఎప్పుడూ చొక్కా కాలరుకే గుచ్చుకుని ఉంటుంది. కౌగిలించుకోవాలంటే ముందు ఆ కాలరు ఎటుందో చూసుకోవాలి. ఆవిడకో పట్టుదల ఉంది: వేసిన కుట్టు విప్పదు. పదిసార్లు కొలిచి, అప్పుడు సూది దించుతుంది. జిప్పులంటే అసలు పడదు. "జిప్పు ఏదో ఒకరోజు మోసం చేస్తుందే. కుట్టు చెయ్యదు" అంటుంది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపించబోయి నేను చాలాసార్లు భంగపడ్డాను.

ఇదివరకు బావ కూడా వెళ్ళేవాడు. బావ రొట్టెల బట్టీలో పనిచేస్తాడు, మహా సరదా మనిషి. ఇద్దరూ రెండు సైకిళ్ళ మీద పోయి, వచ్చేటప్పుడు పాత దుప్పట్లలో సైకిళ్ళు చుట్టి తాళ్ళు బిగించి రైలెక్కేసేవాళ్ళు. పోయిన చలికాలం బావ బట్టీ మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది, డాక్టరు నడవమన్నాడు. కానీ బావకి భయం పట్టుకుంది. చేతికర్రతో మంచం నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి మంచం దాకా. వీధి గుమ్మం దగ్గరికి వస్తే చాలు, కాళ్ళు కట్టేసినట్టు ఆగిపోయేవాడు. ఊరందరినీ నవ్వించే మనిషి అలా కిటికీకి అతుక్కుపోతే చూడలేకపోయాం.

ఈ ఏడు గాలి మొదలయ్యేసరికి అక్క వెళ్ళనంది. అప్పుడు బావే అన్నాడు: "నువ్వు వెళ్ళవోయ్. నువ్వు తిరిగొచ్చే సాయంత్రం స్టేషన్‌కి నడిచొస్తా. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంటా, చూస్కో."

అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "విన్నావుగా? ఆ మనిషి గుమ్మం దాటాలంటే నేను వెళ్ళాలి. చెప్పిన రైల్లో చెప్పినట్టు దిగాలి. దిగకపోయానా, 'నేనొచ్చినా దండగే' అని మళ్ళీ ఆ కిటికీకే అతుక్కుపోతారు. పోవడం నా వంతు, తేవడం నీ వంతు" అంది. కళ్ళు తడిగా ఉన్నాయి. కాదనే ధైర్యం నాకెక్కడిది?

నేను పోస్టాఫీసులో రోజంతా పార్సిళ్ళు సర్దుతాను. సెలవు పెట్టి, బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని సముద్రపు ఊరికి వెళ్ళానా, అక్కడా పార్సిలే! రైల్వేవాళ్ళు కొత్త నియమం పెట్టారు: సైకిల్ ఎక్కించాలంటే అంతా మూసిన సంచిలో ఉండాలి, ఏ భాగమూ బయటికి కనిపించకూడదు. అందుకని అక్క ముందే పెద్ద కాన్వాసు సంచి కుట్టి నా చేతికిచ్చింది. జిప్పు లేదు, తాడు లేదు. మూతి కూడా కుట్టేయడమే.

ప్లాట్‌ఫాం మీద అక్క సైకిల్ విప్పుతుంటే జనం చుట్టూ మూగారు. చక్రాలు ఊడదీసింది, పెడళ్ళు తీసింది, హ్యాండిల్ పక్కకి తిప్పి కట్టింది. నట్లు పట్టుకోవడం నా ఉద్యోగం. పానాలు, పంపు, కత్తెర అన్నీ సంచిలోకే. తర్వాత దబ్బనంలో మైనం దారం ఎక్కించి, ముందుకో కుట్టు, వెనక్కో కుట్టు వేసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరి దాకా వచ్చింది. ముడి వేసి దారం పళ్ళతో కొరికింది.

"ఏనుగు తొక్కినా ఊడదు" అని సంచి మీద చరిచింది.

రైలు వచ్చింది. పెట్టె గుమ్మం దగ్గర టికెట్లు చూసే ఆయన నిలబడ్డాడు. బారెడు మీసాలు. "టికెట్లు" అన్నాడు.

అక్క నా వైపు చూసింది. నేను అక్క వైపు చూశాను.

"నీకేగా ఇచ్చాను!" అన్నాను.

అక్క జేబు తడుముకుంది. ఆ చెయ్యి మెల్లగా సంచి వైపు తిరిగింది. "సీటు కింది చిన్న సంచిలో పెట్టానే. అక్కడైతే భద్రంగా ఉంటాయని."

"భద్రంగానే ఉన్నాయి! ఏనుగు తొక్కినా రావు!" అన్నాను. నా తల ప్రాణం తోకకొచ్చింది.

మీసాలాయన సంచి చూశాడు. "విప్పి తీయండమ్మా."

"విప్పితే మళ్ళీ ఎక్కించనిస్తారా?"

"విప్పితే అది సైకిలు. సైకిల్ని ఎక్కనివ్వను. కుట్టి ఉంటేనే సామాను."

"అయితే విప్పను."

"విప్పకపోతే టికెట్ లేదు. టికెట్ లేనివాళ్ళనీ ఎక్కనివ్వను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. విప్పి మళ్ళీ కుట్టేదాకా రైలు ఆగదు. పైగా ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది. "జిప్పు పెట్టవే అంటే విన్నావా? కుట్టు మోసం చెయ్యదా? ఇప్పుడు చేసిందేమిటి? బావ అక్కడ నిలబడి ఉంటాడే!" అని అందరి ముందూ అరిచాను. బావకి ఫోన్ చేద్దామన్నా లాభం లేదు. ఆయన ఫోను ఇంట్లో బల్ల మీదే ఉంటుంది. తర్వాతి రైలు మర్నాడు.

బావ పేరెత్తేసరికి అక్క మొహం మారిపోయింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని సంచిని రెండు చేతులతో తడమడం మొదలుపెట్టింది. ఇది చక్రం, ఇది గొట్టం, ఇదిగో సీటు.

"ఒసే, ఆ పళ్ళ బండి ఆయన్ని అడిగి కత్తి పట్రా!"

పరుగెత్తి తెచ్చాను. అక్క సీటు దగ్గర సంచికి నిలువునా గాటు పెట్టి, చెయ్యి దూర్చి, రెండు టికెట్లూ పైకి లాగింది. నేను కత్తి తిరిగి ఇచ్చి వచ్చేసరికి మీసాలాయన టికెట్లు చూసి తలూపుతున్నాడు. తర్వాత ఆ గాటు వైపు చూశాడు.

"చిల్లు పడిందిగా. లోపల సైకిల్ కనిపిస్తోంది."

"చిల్లేమిటండీ? జేబు" అంది అక్క, ఏమాత్రం తడుముకోకుండా. "ఇంకా పూర్తవలేదు."

ఆయన మీసాలు వణికాయి. నవ్వాపుకుంటున్నాడని అప్పుడు తెలిసింది. చేతిలో ఉన్న కాగితాల అట్టని ఆ చిల్లు మీద అడ్డం పెట్టి, "ఇప్పుడు నాకేమీ కనిపించడం లేదు. త్వరగా ఎక్కండి. లోపల కూర్చుని జేబు పూర్తి చేసుకోండి" అన్నాడు. మంచివాడు, వాళ్ళిల్లు చల్లగా ఉండాలి.

రైలు కదిలింది. జేబుకి గుడ్డ కావాలిగా? నా మెడలో కొత్త రుమాలు ఉంది. అంటే, ఉండేది. అక్క దాన్ని అడక్కుండానే లాక్కుని మడతపెట్టి, గాటు అంచులు లోపలికి తిప్పి, దారి పొడుగునా కూర్చుని చక్కటి జేబు కుట్టి, గాటులోంచి ముందే బయటికి తీసుకున్న కత్తెరని అందులో వేసింది. చూసి నేను కూడా మెచ్చుకున్నాను. పైకి మాత్రం అనలేదు.

మా స్టేషన్‌లో ఎండ వాలుతుండగా దిగాం. మీసాలాయనే సంచి ఓ చివర పట్టి దింపాడు. జనం మెట్లెక్కి వెళ్ళిపోయారు. బావ కనిపించలేదు. అక్క నా మోచెయ్యి బిగించి పట్టుకుని మెట్ల వైపే చూస్తోంది.

అంతలో ప్లాట్‌ఫాం ఆ చివర నుంచి ఓ గొంతు. "ఏమోయ్! రైలు ముందు పెట్టెలో వస్తానని వెనక పెట్టెలో వస్తే ఎలాగోయ్?"

బావ! ఓ చేత్తో స్తంభం, ఓ చేత్తో కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని వచ్చినప్పటి నుంచి నిలబడే ఉన్నాడట. అక్క అటు పరుగెత్తింది, సైకిల్‌నీ నన్నూ వదిలేసి. నేను సంచి ఈడ్చుకుంటూ చేరేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు, ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు.

కానీ దగ్గర్నుంచి చూస్తే బావ మొహం పాలిపోయి ఉంది. రావడానికే ఉన్న బలమంతా అయిపోయింది. ఆటో పిలుస్తానన్నాను.

"వద్దు మరదలా. నడిచొచ్చాను, నడిచే వెళ్తాను" అని అడుగు వేశాడు. కర్ర జారింది. మళ్ళీ స్తంభమే పట్టుకున్నాడు. వెనకటి భయం ఆయన కళ్ళల్లోకి తిరిగి వచ్చేయడం నేను చూశాను.

అక్క కూడా చూసింది. వచ్చి సంచి ముందు కూర్చుంది. కొత్త జేబులో చెయ్యి పెట్టి కత్తెర బయటికి తీసింది. సంచి మూతి దగ్గర పెట్టింది.

"అక్కా, కుట్టు!" అన్నాను.

"కనిపిస్తోందిలే" అని టకటకా కోసేసింది. ముందుకో కుట్టు, వెనక్కో కుట్టు, ఈ చివర నుంచి ఆ చివరి దాకా అన్నీ. చక్రాలు బిగించింది, హ్యాండిల్ తిప్పింది. నేను నట్లు అందించాను. సైకిల్ తెచ్చి బావ పక్కన నిలబెట్టింది. "సీటు మీద చెయ్యి వేయండి. బ్రేకు నా చేతిలో ఉంటుంది. అది ఎటూ జారదు, నేనూ జారనివ్వను."

బావ చెయ్యి వేశాడు. ఓ అడుగు, ఇంకో అడుగు. స్టేషన్ దాటాం, మా వీధి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాం. అటు అక్క, ఇటు బావ, మధ్యలో సైకిల్. వెనక నేను, ఓ భుజాన ఖాళీ సంచి, ఇంకో చేతిలో కర్ర. ఆ కర్ర ఏదని బావ ఒక్కసారి కూడా అడగలేదు. సగం దూరంలో మాత్రం ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు.

"ఇన్నేళ్ళ కాపురంలో నువ్వు కుట్టు విప్పగా నేను చూళ్ళేదోయ్" అన్నాడు.

"మీరు గుమ్మం దాటగా నేను చూసి ఎన్నాళ్ళయింది?" అంది అక్క. "చెల్లుకు చెల్లు. నడవండి."