సగం నవల మాస్టారు

ఇంగ్లీషు మాస్టారు కాలేజీలో ఏళ్ళ తరబడి చెబుతున్నది ఒకటే నవల. అమ్మానాన్నా లేని ఒక పిల్ల పెరిగి పెద్దదయ్యే కథ. పరీక్షకు మొదటి సగమే పెట్టారు కాబట్టి ఆయన చదివిందీ ఆ సగమే. అక్కడిదాకా కాగితాలు పాతగుడ్డలా పీచులు లేచాయి. ఆ తర్వాతివి చుట్టాల కోసం దాచిన దుప్పటిలా మడత నలగకుండా ఉన్నాయి. ఎప్పుడో పోయిన ఆ రచయిత్రిని సొంత మేనత్తలా తలుచుకుంటారు. పిల్ల పస్తు పడుకునే చోటికి రాగానే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, సుద్దముక్క పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంటారు. ఇంటికొచ్చేసరికి మొహం పిండిమరలోంచి వచ్చినట్టుంటుంది. కాగితం మీది పిల్ల ఆకలికి అంత ఏడుపేమిటో!

ఆయనకూ ఒక కూతురుంది. ఇరవై మూడేళ్ళు నిండినా రోడ్డు దాటాలంటే ఆ పిల్ల చెయ్యి పట్టుకుంటారు. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి, మొన్న పొద్దున పెట్టె పట్టుకుని బయల్దేరితే, ఈయన గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డారు.

"చంటిపిల్లవి, ఒక్కదానివీ ఎలా ఉంటావే?"

"మీ నవల్లో పిల్ల నాకంటే చిన్న వయసులోనే ఉద్యోగానికి ఊరు దాటింది నాన్నా."

"ఎక్కడ? నేనెప్పుడూ చెప్పలేదే!"

"మీరు చదవని సగంలో."

"అది సిలబస్‌లో లేదు," అన్నారు మాస్టారు, గుమ్మం వదలకుండా.

వంటింట్లోంచి ఆయన భార్య వచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు అక్షరమ్ముక్క రాదు. "జరగండి, పిల్లకు బస్సు వెళ్ళిపోతుంది," అంటూ మొగుడి చెయ్యి గుమ్మం మీంచి తీసి, ఆ చేతికే కూతురి పెట్టె అందించింది.