మూడో పాలడబ్బా

మా పాపకు రెండో నెల నడుస్తుండగా నాకు జబ్బు చేసింది. నేను వాడే మందుల వల్ల చనుపాలు ఇవ్వవద్దని డాక్టరు డబ్బా పాలు రాసిచ్చాడు. అప్పటి నుంచి బోధన్‌లోని మా ఇంట్లో ఒకటే ఏడుపు. పాలు తాగిన కాసేపటికే పాప కాళ్లు ముడుచుకుని, ముఖం కందిపోయేలా ఏడ్చేది. పొట్ట ఉబ్బి గట్టిగా తగిలేది.

"తల్లిపాలు బంద్ చేస్తే పిల్ల ఏడ్వక ఏం జేస్తది?" అనేది మా అత్త, వచ్చిన ప్రతివాళ్ల ముందూ. నాకు లోపల కుతకుత ఉడికేది.

వీధి చివరి మందుల దుకాణం అతను డబ్బా మార్చమన్నాడు. "గిది కడుపుకు మెత్తగుంటదక్కా. గ్యాస్ పట్టది." వారం తిరక్కుండానే మరొకటి ఇచ్చాడు. "గిది ఇంకా మంచిది. పాప పాలు గుంజలేక ఏడుస్తుండొచ్చు. సూది కాల్చి సీసా పీకకు బొక్క పెద్దగ చెయ్యుండ్రి."

చేశాను. ఏడుపు రెట్టింపైంది.

చివరికి మా ఆయన ఒకరోజు రుద్రూర్‌లో పని మానుకుని మమ్మల్ని నిజామాబాద్‌లో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. నాలుగో డబ్బా పేరు చెబుతారనుకున్నాను. అక్కడి నర్సు సీసా నా చేతికిచ్చి, "ఎట్ల కలుపుతవో సూపియ్యి" అంది. పొడి వేసి బలంగా గిలక్కొట్టాను. పాపను వెల్లకిలా పడుకోబెట్టి సీసా నోటికి పెట్టబోయాను.

"ఆగు! గీ నురుగంత పాప కడుపులకే పోతది. గీ బొక్కేందమ్మా, పాలు ధార కడ్తున్నయ్! పిల్ల గుటకగుటకకూ గాలి మింగుతుంది."

డాక్టరు మొదటి డబ్బానే చాలన్నాడు. పీక మార్చి, పాలు మెల్లగా కలిపి, తల ఎత్తి పట్టి, మధ్యమధ్య భుజాన వేసుకుని తేన్పించమన్నాడు. అంతే.

తిరిగొచ్చి ఆటో దిగి నేరుగా దుకాణానికి వెళ్లాను. "పాలెట్ల కలుపుతున్నవని ఒక్కసారన్న అడిగినవా అన్నా? డబ్బా మీద డబ్బా అంటగడితివి!"

"గరం కాకక్కా. కొత్తదొచ్చింది, అది తీస్కపో" అంటూ అతను అరలోకి చెయ్యి చాపాడు.

ఒళ్లు మండిపోయింది. సంచిలోని మూడో డబ్బా తీసి బల్ల మీద దభీమని కొట్టాను. "గిది నువ్వే తాగు!"

పది రోజుల్లో పాప నెమ్మదించింది. తను దిష్టి తీయడం వల్లే తగ్గిందని మా అత్త అందరికీ చెప్పుకుంది. పాపకు ఇప్పుడు రెండేళ్లు. జలుబు మందు కావాలన్నా నేను బస్టాండు దాకా నడుస్తాను, ఆ దుకాణం మెట్టెక్కను.