మజ్జిగ తాగి లేచిన డాక్టరు

ఈ రోజు మా మనవరాలు ఫ్రీవే మీద ఒక్కతే కారు వేసుకెళ్లింది. నేను కంగారుతో కిటికీ దగ్గరే నిలబడి ఉంటే, పాత పుస్తకాల షాపు నుంచి ఒక బొమ్మల పుస్తకం పట్టుకుని నవ్వుతూ వచ్చింది. అట్ట చూడగానే గుర్తుపట్టాను. ఎప్పుడో టీవీలో వచ్చిన అంతరిక్షం సీరియల్‌ని బొమ్మల కథగా వేసిన పుస్తకం. గుంటూరులో మా ఆయన ఇదే పుస్తకం ఫుట్‌పాత్ మీద కొన్నారు. నాకు ఇంగ్లీషు రాదని పక్కన కూర్చుని తెలుగులో చెప్పేవారు. ఆ అంతరిక్షం ఓడలో డాక్టరూ, మిగతావాళ్లూ క్షేమంగా ఇల్లు చేరాలని నేను ప్రార్థన కూడా చేసుకునేదాన్ని.

మనవరాలిని చదివి చెప్పమన్నాను.

సగంలో, "డాక్టర్ చనిపోయాడు అమ్మమ్మా" అంది.

"ఛ, కళ్లు తిరిగి పడ్డాడంతే. మజ్జిగ తాగి లేస్తాడు. మీ తాతయ్యే చెప్పారు."

"స్పేస్‌లో మజ్జిగా? చూడు, బరీ కూడా చేశారు. తాతయ్య నీకు ఫేక్ స్టోరీ చెప్పారు!"

నిజమే. బొమ్మలో అందరూ సమాధి దగ్గర తలలు వంచుకుని ఉన్నారు. ఆ పేజీ నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన రెండు పేజీలు కలిపి తిప్పేసి ఉంటారు. నేను బెంగపడతానని ఒక్కరినీ చావనివ్వలేదు ఆ మహానుభావుడు.

అప్పటినుంచి ఆ డాక్టరు గురించి ఒకటే దిగులుగా ఉంది. "వాడికేం కాలేదులేవే" అనడానికి ఆయన లేరు. మీకూ ఎవరైనా ఇలా కథ మార్చి చెప్పారా? చెబితే ఆ మార్చిన కథే రాయండి, అసలుది నాకు వద్దు.